వంశావళిలో రెండు వేళ్ల ఖాళీ

...కాదు బాయీసా, రాసింది కొట్టెయ్యకు తల్లీ. మీ ముత్తాత అభయ్ సింగ్‌ను కన్నది గుమాన్ సింగే. కానీ బహీలో, అదే వంశావళి పుస్తకంలో, మాత్రం ఆయన చిన్నాన్న. రెండూ నిజమే. మీ ఇంటి పాత మనిషిని, నెమ్మదిగా చెబుతాను, రాసుకో.

ధూణాసర్ ఠికాణా, ఆ జాగీరు, గుమాన్ సింగ్‌ది కాదు, అతని అన్న జైత్ సింగ్‌ది. జైత్ సింగ్ గుర్రపు దళంతో సముద్రం దాటి యుద్ధానికి వెళ్లాడు. బతికాడనీ కబురు లేదు, పోయాడనీ కబురు లేదు. అన్న గద్దె మీద గుమాన్ సింగ్ కూర్చున్నాడు. అప్పటికి అతని భార్య ఉమేద్ కంవర్ నెల తప్పి ఉంది. పుట్టింటికి, జైసల్మేర్ వైపు వెళ్లింది. అక్కడినుంచి ఒకరోజు మంగలి బెల్లం ముద్ద పట్టుకుని వచ్చాడు. కొడుకు పుట్టాడన్నమాట. అలాంటి కబురు వస్తే కోటలో కంచు పళ్లెం మోగాలి. గుమాన్ సింగ్ పళ్లెం మోగనివ్వలేదు. మంగలికి రొట్టె పెట్టించి, ఎండ దిగకముందే ఊరు దాటించాడు.

ఆనాటినుంచి అతనికి గద్దె మీద కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టే. పిల్లాడు పెరుగుతున్నాడు. ఏదో ఒకనాడు ఒంటె దిగి, ఇది మా నాన్న చోటు అంటాడు.

ఆ పిల్లాడికి ఏడో ఏడు వచ్చినప్పుడు వంశాలు రాసే రావ్ హేమ్‌రాజ్ వచ్చాడు. ఒంటె మీద ఎర్రగుడ్డలో బహీ, దాని వెనకాల ఆయన. బహీ దిగేదాకా ఠాకూర్ అయినా నిలబడాల్సిందే. సజ్జల రాశి మీద పీట వేసి, బహీని దానిమీద పెట్టారు. గుమాన్ సింగ్ మర్యాద ప్రకారం తన అరచేతిలో నల్లమందు నీళ్లు పోసి రావ్‌కు తాగించాడు. తర్వాత పక్కకు పిలిచి మనసులో మాట చెప్పాడు. అన్న పోయాడని, సంతానం లేదని రాయాలి. అన్న తర్వాత తమ్ముడే కదా గద్దెకు అని అతని లెక్క.

రావ్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. దారిలో జైసల్మేర్ వైపే నాలుగిళ్లు తిరిగి వచ్చానని మాత్రం అన్నాడు. ఆ మాటకు గుమాన్ సింగ్ మొహం మాడిపోయింది.

"నేను చూసింది రాయను ఠాకూర్ హుకుం. ఇంటి పెద్ద మూడుసార్లు, బిరాదరీ ముందు, అయినవాళ్లందరి ముందు, చెప్పింది రాస్తాను. అబద్ధమైతే అది నా కలానికి అంటదు, చెప్పిన నోటికి అంటుతుంది. రేపు పొద్దున దాకా ఆలోచించుకోండి."

ఇంట్లో భార్య సిరేహ్ కంవర్‌కు సంగతి తెలిసింది. ఆవిడ కొడుకు అభయ్ జుట్టుకు నూనె రాస్తూ తల ఎత్తకుండా అంది: "మీ అన్నగారి పేరు పక్కన రాయించే మాట అక్కడే ఆగుతుందనుకుంటున్నారా?"

"ఆడవాళ్లకు బహీ సంగతి ఏం తెలుసు?"

"మా పేర్లు అందులో ఉండవుగా. అందుకే తీరిగ్గా చూడగలం."

మర్నాడు పొద్దున్నే బిరాదరీ అంతా తలపాగాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. రావ్ మూలపురుషుడి దగ్గరనుంచి పేర్లు చదువుకుంటూ వచ్చి జైత్ సింగ్ దగ్గర ఆగాడు. రాయమంటారా అని అడిగాడు. గుమాన్ సింగ్ రాయమన్నాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ రాయమన్నాడు. మూడోసారీ రాయమన్నాడు. సిరా పడింది. నిర్వంశం.

గుమాన్ సింగ్ మీసం సవరించుకున్నాడు. రావ్ మాత్రం కలం దించలేదు.

"పెద్ద ఇల్లు దీపం లేకుండా ఉండకూడదు కదా హుకుం. అన్నకు తమ్ముడు కొడుకు కాలేడు. దగ్గరి తమ్ముడి కొడుకే ఆ ఇంటికి దత్తు పోవాలి. తమకు ఎందరు?"

గుమాన్ సింగ్ చుట్టూ చూశాడు. బిరాదరీ పెద్దలు అవునన్నట్టు తలలూపుతున్నారు.

"ఒక్కడు," అన్నాడు.

రావ్ రాశాడు: జైత్ సింగ్ కుమారుడు అభయ్ సింగ్. తర్వాత కింద గుమాన్ సింగ్ పేరు రాసి, పక్కన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలాడు. ఎవరో ముసలాయన నవ్వి, ఠాకూర్ వయసులోనే ఉన్నాడు, ఖాళీ నిండకపోతుందా అన్నాడు. గుమాన్ సింగ్ కూడా నవ్వాడు. ఎటుపోయినా భూమి ఇల్లు దాటలేదని సర్దుకున్నాడు.

పోయాడని రాసినవాడికి కర్మ చెయ్యాలి. ఆరేళ్ల అభయ్‌కు తల గొరిగించారు. పన్నెండో రోజు తండ్రి పోయిన కొడుకుగా వాడికి తలపాగా కట్టారు. సాయంత్రం వాడు పరుగెత్తుకొచ్చి గుమాన్ సింగ్ మోకాలు పట్టుకుని అన్నాడు: "కాకాసా, నా గుర్రం ఏది?"

చిన్నాన్న అన్నమాట; అలా పిలవమని పురోహితుడు నేర్పాడు. గుమాన్ సింగ్ చెయ్యి వాడి బోడి తల దాకా వెళ్లి ఆగిపోయింది. వెదురు తెర వెనకనుంచి చూస్తున్న సిరేహ్ కంవర్ ఆ రోజునుంచి భర్తతో మాట్లాడటం మానేసింది.

తర్వాత అతను ఇంకా రెండు పెళ్లిళ్లు చేసుకున్నాడు. ఆడపిల్లలు బతికారు. మగపిల్లలు ఇద్దరు పుట్టి, పేరు పెట్టే రోజు దాకా నిలవలేదు. ఆనాటినుంచి మూడేళ్లకోసారి రావ్ వచ్చేవాడు. గుమాన్ సింగ్ ఎదురెళ్లి ఒంటె పగ్గం పట్టుకునేవాడు, ఏదో బతిమాలుకుంటున్నట్టు. రావ్ ఆ పుట తీసేవాడు, ఆ ఖాళీ మీద వేలు పెట్టేవాడు, ఏమీ అడక్కుండానే తిప్పేసేవాడు.

గుమాన్ సింగ్ పోయినప్పుడు అతని తలపాగాను పళ్లెంలో పెట్టి గద్దె పక్కన ఉంచారు. అభయ్ దాన్ని కట్టుకోకూడదు, అప్పటికే ఒక తండ్రికి కట్టుకున్నాడు. పన్నెండో రోజు దాకా దాని మీద ఇసుక పడుతూనే ఉంది.

ఆ రోజే గుమ్మం ముందు ఒంటె ఆగింది. జైత్ సింగ్ నోరూ ముక్కూ పోసుకుని పుట్టిన మనిషి దిగాడు. పోట్లాడలేదు. చిన్నాన్నకు దణ్ణం పెట్టుకోవడానికి వచ్చానన్నాడు. లోపలికి రమ్మంటే బిరాదరీ వైపు చూసి ఒక్కటే అడిగాడు: "ఎవరి కొడుకుగా కూర్చోను?"

అతను ఒంటె తిప్పుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

అంతే బాయీసా. ఇప్పుడు మీ అన్న ఇంద్రభాన్ కూడా పోయిన మీ పెద్దన్న పేరు పక్కన అదే మాట రాయిస్తానంటున్నాడట. మీ పెద్దవదిన పుట్టింట్లో ఆయన కొడుకు, ఆ పసివాడు, ఆడుకుంటున్నాడు; నేను వెళ్లి చూశాను, ఎత్తుకున్నాను కూడా. మీ అన్నకూ ఒక్కడే కొడుకు. హోలీ కాగానే ఇప్పటి రావ్ బహీ తీసుకుని వస్తాడు. ఈలోపే జోధ్‌పూర్ వెళ్లి, ఇది మీ అన్నకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు.