రాహుకాలం పాటించిన యంత్రం

బెంగుళూరులో ముప్ఫయ్యేళ్లుగా నేను చెప్పిన కథల్లో ఆవగింజంత కల్పన ఉందని ఎవరైనా నిరూపిస్తే మీసం తీయించుకుంటాను. ఇదీ అంతే, అచ్చంగా జరిగింది.

జయనగర నాగవేణి పద్దెనిమిదేళ్లుగా నార్వేలోని ఒక ఓడరేవు కంప్యూటర్లను ఇక్కడి ఆఫీసులో కూర్చునే చక్కబెట్టేది. అక్కడ ఎంత కొంప మునుగుతున్నా రాహుకాలంలో మాత్రం కొత్త పని ముట్టుకోదు. "చూస్తున్నాం, కాస్త ఓపిక పట్టండి" అని అవతలివాళ్లకు రాసిపడేసి, క్యాంటీన్లో పళ్లెమంత తట్టె ఇడ్లీ ముందు కూర్చునేది.

ఆమె పై అధికారి చిదానంద హెగ్డే ఆ పద్దెనిమిదేళ్ల జవాబులన్నీ ఒక కృత్రిమ మేధకు మేపాడు. ఇక మనుషులతో పనే లేదని రేవువాళ్లను ఊరించాడు. శుక్రవారం సిగ్రిడ్ అనే రేవు అధికారిణి స్వయంగా వచ్చి చూస్తుంది. ఆవిడ సరేనంటే సాయంత్రానికి నాగవేణి మెడలో కార్డు తీసిచ్చి ఇంటికి పోవాలి. యాభై రెండేళ్ల వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారు?

హెగ్డే మంచి గడియ చూసి తొమ్మిదిన్నరకు ముహూర్తం పెట్టాడు. యంత్రానికి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. తీరా సిగ్రిడ్ కారు సిల్క్ బోర్డు కూడలిలో ఇరుక్కుపోయింది. ఆవిడ వచ్చేసరికి పదీ నలభై.

"సార్, రాహుకాలం వచ్చి పది నిమిషాలైంది" అంది నాగవేణి.

"యంత్రానికి రాహువేంటక్కా, కేతువేంటి? ఊరుకోండి!"

అక్కడ నార్వేలో రేవు గేటు దగ్గర గుమాస్తా, గేటు తెరిచే పాస్‌వర్డ్ మరిచిపోయానని కబురు పెట్టాడు. యంత్రం ఠక్కున జవాబిచ్చింది: "చూస్తున్నాం, కాస్త ఓపిక పట్టండి."

పదకొండైంది. అదే మాట. పదకొండున్నరా దాటింది. గేటు ముందు లారీలు బారులు తీరాయి. హెగ్డే చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఏం చేస్తోందిది?" అంది సిగ్రిడ్.

"లోతుగా ఆలోచిస్తోంది మేడం."

"పాస్‌వర్డ్ మార్చడానికా?"

హెగ్డే పక్కకి వంగి గొణిగాడు. "అక్కా, దీనికేం రోగం?"

"రోగం కాదు సార్, నా అలవాటు. ఏ శుక్రవారమూ ఈ వేళలో నేను పని మొదలుపెట్టింది లేదు. నా దగ్గర నేర్చుకున్నది, అది మాత్రం ఎందుకు మొదలుపెడుతుంది? పన్నెండు కానివ్వండి."

"పన్నెండుకి అయిపోతుందట మేడం" అన్నాడు హెగ్డే, ఏడవలేక నవ్వుతూ.

సరిగ్గా పన్నెండుకి తెర మీద 'పని పూర్తయింది' అని పడింది. గేటు తెరుచుకుంది.

సిగ్రిడ్ కళ్లు పెద్దవయ్యాయి. "యంత్రం సంగతి తర్వాత. అదెప్పుడు పనిచేస్తుందో ముందే చెప్పిందే, ఆ భాగం నాకు కావాలి."

"అది భాగం కాదు మేడం, నాగవేణి" అన్నాడు హెగ్డే.

"అయితే ఆవిడ లేకుండా నేను సంతకం పెట్టను."

హెగ్డే తక్కువవాడా? ఒప్పందంలో నాగవేణిని 'సమయ సూచక భాగం, ఒకటి' అని రాయించాడు. ఆ ఏటి ఉత్తమ ఆవిష్కరణ బహుమతి మాత్రం తలకి మైసూరు పేటా చుట్టించుకుని తనే అందుకున్నాడు. భాగానికి జీతం పెరగలేదు గానీ కొలువు నిలిచింది, ఇడ్లీ ప్లేటూ నిలిచింది.

ఇక మీసం మాట. అది నాకెప్పుడూ లేదు కాబట్టి ధైర్యంగా ఒప్పుకుంటాను, ఇందులో ఒక ముక్క నేను అల్లిందే. పన్నెండుకి యంత్రం మేలుకోలేదు. అందరూ తెర వంక గుడ్లప్పగించి చూస్తుంటే, వెనక కుర్చీలోంచి ఆ పాస్‌వర్డ్ మార్చింది నాగవేణే. యంత్రం ఇప్పటికీ ఓపిక పట్టమనే అంటోంది.