అత్తగారి డబ్బా

ల్యాబులో పనిచేసే ఆయన్ని ఆసుపత్రిలో అందరూ భూతద్దం అనేవారు. ఎదురుపడితే మాత్రం ఒక గారు తగిలించి భూతద్దంగారు అనేవారు. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు, కిటికీ పక్కన అదే మైక్రోస్కోపు. జ్వరాలవాళ్ల రక్తం, తామర మచ్చల మీంచి గీకిన పొట్టు, కడుపునొప్పివాళ్ల డబ్బాలు రోజూ ఆయన కంటి కిందనుంచి పోతుండేవి. ఎవరిది ఏమిటో ఆయన చీటీ మీద రాసేవాడు. నోటితో చెప్పేవాడు కాదు. ఆయన చేత మాట్లాడించాలంటే దానికీ డాక్టరమ్మ చీటీ రాయాలని నర్సు ఎగతాళి చేసేది.

కరెంటు ఆఫీసు లైన్‌మన్ ఒకతని ఇంటి డబ్బాలు ఆయన దగ్గరికి రావడానికి పది రోజుల ముందు సంగతి ఇది. లైన్‌మన్‌కి ముప్పై నాలుగేళ్లు. కరెంటు స్తంభం ఎక్కడానికి నడుముకి బెల్టు కట్టుకుంటూ ఉండగానే స్తంభం మొదట్లో కుప్పకూలాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. ఆ మూర్ఛ ఇంకో రెండు నిమిషాలాగి వచ్చి ఉంటే పైనుంచి పడేవాడని తోటివాళ్లు చెప్పుకున్నారు. పెద్ద ఊళ్లో తల ఫొటో తీయిస్తే మెదడులో రెండు తిత్తులు కనిపించాయి, ఒక్కోటి బఠాణీ గింజంత.

డాక్టరమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇవి బద్దెపురుగు పిల్లలు. పంది మాంసం సరిగ్గా ఉడక్కుండా తిన్నవాళ్ల పేగుల్లో పెద్ద పురుగు పెరుగుతుంది. అది గుడ్లు పెడుతుంది. ఆ మనిషి దొడ్డికెళ్లి చేతులు సరిగ్గా కడుక్కోకపోతే గుడ్లు గోళ్ల కింద ఉండిపోయి, వండే తిండిలోకి, పక్కవాళ్ల నోట్లోకి పోతాయి. తలలోకి ఎక్కేవి ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలే. కాబట్టి తలలో తిత్తులున్నవాడు ఆ మాంసం ముట్టి ఉండాల్సిన పనిలేదు. అతనికి వడ్డించిన చెయ్యి ఎవరిదో తెలియాలి.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. లైన్‌మన్, ఆరో నెల కడుపుతో ఉన్న అతని భార్య, అతని తల్లి. మూడు రోజులు వరసగా ముగ్గురివీ మలపరీక్షకి ఇమ్మన్నారు. అసలు మనిషి దొరక్కపోతే అతని తలకు ఎంత మందు వేసినా లాభం లేదని, రేపు మళ్లీ గుడ్లు పోతాయని, అవి కోడలికీ పోవచ్చని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆఫీసువాళ్లు అప్పటికే అతన్ని స్తంభాల పనిలోంచి తీసి స్టోరు గదిలో కూర్చోబెట్టారు.

తల్లి అంతా విని, తమ ఇంట్లో ఆ మాంసం గుమ్మం దాటి ఎరగదని, తన అత్తవారిది ఆ వాసన కూడా గిట్టని వంశమని అంది. వంటగది అంతా ఆమెదే. కోడలు గరిటె ముట్టుకుంటే ఊరుకునేది కాదు. గిన్నెలు రెండుసార్లు తోముతానని, గ్లాసు మీద మరక ఉంటే గోటితో గీకి మరీ తీస్తానని డాక్టరమ్మతో చెప్పుకొచ్చింది. భూతద్దం అప్పుడు చీటీల కోసం ఆ గదిలోనే నిలబడి ఉన్నాడు. కాసేపయ్యాక వరండా చివర మరుగుదొడ్డిలోంచి ఆమె రావడం చూశాడు. కుళాయి కింద వేళ్ల కొసలు తడిపి, చీర కొంగుకి తుడుచుకుంది. సబ్బు పక్కనే ఉంది.

మర్నాడు పొద్దున కోడలు సంచీలో మూడు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చింది. వాటిమీద కాగితాలు అంటించి గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. ఒకదాని మీద ఆయన, ఇంకోదాని మీద నేను, మూడోదాని మీద అత్తగారు. నేను అంటే ఎవరని భూతద్దం అడిగాడు. నేనే అంది ఆ అమ్మాయి. ఆయన రిజిస్టర్లో భార్య అని రాసుకున్నాడు.

మొదటి రోజు మూడింటిలోనూ ఏమీ కనిపించలేదు. స్లైడు మీద ఉప్పునీటి చుక్క ఒకటి, అయోడిన్ చుక్క ఒకటి వేసి, పుల్లతో కలిపి, పైన పల్చటి గాజుపలక మూసి, ఆ చివరనుంచి ఈ చివరదాకా నాగటి చాలు పోయినట్టు చూసుకుంటూ పోయాడు. రెండో రోజూ ఏమీ లేదు. ఒక్కటి మాత్రం ఆయన కంటికి ఆనింది. కోడలి డబ్బాలోదీ అత్తగారి డబ్బాలోదీ రెండూ నల్లగా ఉన్నాయి. కడుపుతో ఉన్న అమ్మాయి ఐరన్ మాత్రలు వేసుకుంటుంది కాబట్టి నలుపు రావాలి. అరవై ఏళ్ల మనిషికి ఎందుకొచ్చినట్టు? రెండు స్లైడులూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాడు. అవే జామ గింజల పెంకులు, అవే పీచులు, అదే రంగు. ఒకే కడుపులోది రెండు డబ్బాల్లోకి వచ్చిందని ఆయనకు అర్థమైంది.

మూడో రోజు కోడలు డబ్బాలు బల్లమీద పెట్టగానే, అత్తగారు అని రాసినదాన్ని ఆయన వేలితో వెనక్కి జరిపాడు.

"ఇది ఎవరిదమ్మా?"

ఆ అమ్మాయి డబ్బా వంక చూసింది, తలుపు వంక చూసింది. అత్తయ్య ఇవ్వనందని, నీదే రెండింట్లో పెట్టెయ్యి, ఎవడికి తెలుస్తుంది అందని మెల్లగా చెప్పింది.

"కాదంటే నాతో మాట్లాడదు అన్నయ్యా. ఆవిడ మాట్లాడటం మానేసిందంటే ఇంట్లో గోడలు కూడా మాట్లాడవు."

"మాట్లాడకపోతే బతకొచ్చు," అన్నాడు భూతద్దం.

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆయన ఓదార్చలేదు. ఆ డబ్బాను మూతతో సహా చెత్త బకెట్లో వేసి, రిజిస్టర్లో రెండు రోజులుగా అత్తగారి వరసలో రాసిన 'ఏమీ లేదు' అన్నదాన్ని గీత పెట్టి కొట్టేశాడు. ఆ రిజిస్టర్లో కొట్టివేతలు అరుదు.

సంగతి డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ, నేను గదమాయిస్తే ఇంకో డబ్బాలో ఇంకెవరిదో వస్తుంది, మీరే చూసుకోండి అంది. గురువారం లైన్‌మన్ మాత్రల కోసం రావాలి. తల్లి లేకుండా అతను రాడు.

గురువారం కొడుకు డాక్టరమ్మ గదిలోకి వెళ్లాక, బయట బల్లమీద కూర్చున్న తల్లిని భూతద్దం ల్యాబులోకి పిలిచాడు. ఆ గదిలోకి రోగుల తాలూకు మనుషుల్ని ఆయన ఎప్పుడూ పిలిచింది లేదు. ఆమె గడప దగ్గరే నిలబడి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన స్టూలు ఆమెకిచ్చి, బీరువాలోంచి పాత స్లైడు ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఒక కన్ను మూసి చూడమన్నాడు. మొదట తన కనురెప్పే కనిపిస్తోందంది. తర్వాత మాట్లాడటం మానేసి చూసింది. గుండ్రంగా, గోధుమరంగులో, మందపాటి అంచుతో ఒక చుక్క. అంచు చుట్టూ బండి చక్రం ఆకుల్లా సన్నని గీతలు.

"ఇదా గుడ్డు?"

"ఇదే. ఇది మీ ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర ఉండాలి. మీ అబ్బాయివీ కోడలివీ మూడు రోజులు చూశాను, లేదు. మీది చూడలేదు."

"ఇచ్చాంగా బాబూ, మూడు రోజులూ."

"అది మీది కాదు."

ఆమె మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. కోడలు చెప్పిందా అని అడిగింది.

"డబ్బాయే చెప్పింది. మీరు ఐరన్ మాత్రలు వేసుకోరు కదా."

భూతద్దానికి మాట్లాడకుండా ఉండటం అలవాటే కాబట్టి ఆయన తొందరపెట్టలేదు. గాజుపలకలు ఒక్కొక్కటే తుడుస్తూ నిలబడ్డాడు. ఆమే మొదలుపెట్టింది. రైలుపట్టాలకి అవతల ఆమె అక్క ఉంటుంది. బావ పందుల్ని పెంచుతాడు. పుట్టింట్లో అందరూ అదే తిని పెరిగారు. పెళ్లయి వచ్చిన రోజునే, ఇక ముట్టనని మొగుడి దగ్గర మాటిచ్చింది. ముట్టకుండా ఒక ఏడాది ఉంది. తర్వాత నెలకోసారి అక్కని చూసొస్తానని వెళ్లడం, అక్కడ తినడం. నిప్పుల మీద పైపైన కాల్చిన ముక్క, లోపల ఇంకా ఎర్రగానే ఉంటుంది, అలా ఉంటేనే ఆమెకిష్టం. మొగుడు పోయి పదకొండేళ్లయింది. కొడుక్కీ ముట్టననే చెబుతూ వచ్చింది.

"తిన్నది తప్పనిపించలేదు బాబూ. ముప్పై ఐదేళ్లు అబద్ధం చెప్పి, ఇప్పుడేమని నోరు తెరిచేది?"

ఆయన పాత స్లైడు తీసి బీరువాలో పెట్టాడు. ఆమె మళ్లీ అడిగింది.

"అయితే వాడి తలలోకి పోయింది నేను పెట్టిన అన్నమేనా?"

"అయి ఉండొచ్చు. చూస్తేగాని చెప్పలేను."

మర్నాడు ఆమె తన డబ్బా తనే తెచ్చింది. కాగితం అంటించలేదు. రెండు స్లైడులు చూశాడు, లేదు. గుడ్లు రోజూ పడవని ఆయనకు తెలుసు. ఇంకోటి తెమ్మన్నాడు. ఆ మరుసటి రోజు నాలుగో స్లైడు మీద, ఎడమ అంచు దగ్గర, ఒకటి కనిపించింది. పక్కనే ఇంకో రెండు. ఇంకా పెద్దగా చూపించే అద్దానికి మార్చి చూస్తే, లోపలి పిల్లకుండే ఆరు కొక్కేలు కూడా లెక్కకి అందాయి. ఏదైనా దొరికినప్పుడు ఆయనకు కలిగే చిన్న తృప్తి అప్పుడూ కలిగింది. ఆమె బయటే కూర్చుని ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

గుడ్డును చూసి అది పంది మాంసంలోంచి వచ్చిన పురుగుదో ఆవు మాంసంలోంచి వచ్చినదానిదో చెప్పలేం, రెండూ ఒకేలా ఉంటాయి. తలలోకి ఎక్కే రకం పందిది ఒక్కటే. ఆమె అక్క ఇంటి సంగతి చెప్పి ఉండకపోతే డాక్టరమ్మ కూడా ఇంకా వెతుకుతూనే ఉండేది. ఇప్పుడు వెతకాల్సిన పని లేకపోయింది. ఆమెకు తలనొప్పులు వస్తాయా, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిందా అని గుచ్చి గుచ్చి అడిగి, లేదన్నాక, కడుపులోనే ఉండి పనిచేసే మాత్ర రాసింది. గోళ్లు మొదలంటా తీసెయ్యాలి, చేతులు సబ్బుతో మోచేతిదాకా కడగాలి, మళ్లీ పరీక్షలో శుభ్రంగా వచ్చేదాకా వంటగదిలోకి పోకూడదు. ఆమె అన్నిటికీ తల ఊపింది. కొడుక్కి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని డాక్టరమ్మ అడిగితే, నా నోటితోనే చెబుతాను అంది.

ఆ రోజు తల్లికి తోడొచ్చిన కొడుకు మందుల కిటికీ దగ్గరనుంచి వచ్చి ల్యాబు ఎదుటి బల్లమీద కూర్చున్నాడు. తలుపు తీసే ఉంది. భూతద్దం వేరే ఎవరిదో తామర పొట్టు చూస్తున్నాడు, చూపు అద్దంలోనే ఉన్నా చెవి బయట ఉంది.

"నీకొచ్చింది నా చేతినుంచేనటరా," అంది తల్లి. "అక్కావాళ్లింట్లో తింటున్నాను. ఎప్పట్నుంచో."

అతను మాత్రల పొట్లాం జేబులో పెట్టుకుంటూ, తెలుసు అన్నాడు. ఆమె ఏం తెలుసని అడిగింది.

"పెద్దమ్మ దగ్గర తింటావని. చిన్నప్పట్నుంచీ తెలుసు. అక్కడికెళ్లొచ్చిన రోజు ఆకలి లేదంటావు, నాన్న పక్కన కూర్చోవు, నోరు పుక్కిలించి పుక్కిలించి ఉమ్ముతావు."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"అడిగితే వెళ్లడం మానేస్తావని. నీకున్న సరదా అదొక్కటే."

తల్లి కొడుకు ముఖంలోకి చూసింది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"మానేసేదాన్నే. అప్పుడే మానేసి ఉంటే ఈ రోజు నువ్వు స్తంభం మీద ఉండేవాడివి."

వరండాలో ఎవరో బకెట్ ఈడ్చుకుంటూ పోయారు. మళ్లీ ఎక్కనిస్తారా అని ఆమె అడిగింది. రెండేళ్లు ఫిట్సు రాకుండా ఉంటే ఆలోచిస్తారట అని అతను చెప్పాడు. రాకుండా ఉంటాయా అని ఆమె అడగలేదు. ఆమె మళ్లీ మాట్లాడింది అక్క గురించే. వాళ్లింట్లో ఆరుగురున్నారు, అందులో ఇద్దరు పసివాళ్లు, అందరూ అదే తింటారు, అందరికీ వండేది అక్కే, వాళ్లకీ ఈ సంగతి చెప్పాలి అంది.

ఆమె లేచి కొంగు నడుముకి దోపుకుంది. ఆసుపత్రి గేటు బయట, రైలుపట్టాల వైపు పోయే బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు. ల్యాబు కిటికీలోంచి అది కనిపిస్తుంది. నేనూ వస్తానని కొడుకు వెంట వెళ్లాడు. ఆమె వద్దని చెయ్యి ఊపింది.

"నీకు మాత్ర వేసుకునే వేళయింది, ఇంటికి పో. అమ్మాయి వండుతుంది. ఉప్పెక్కువైందనీ కారం తక్కువైందనీ వంకలు పెట్టకుండా తిను."

బస్సు వచ్చింది. ఆమె ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఎక్కింది. అతను బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, రోడ్డు దాటి, ఇంటి వైపు నడిచాడు.