నిప్పుకు రాని ఇల్లు

బషీరున్నీసా శవాన్ని మోస్తున్న జనాజా సందు మలుపులో ఇరుక్కుంది. అటు ఆరడుగుల గోడ, ఇటు ఆరడుగుల గోడ.

"జర వంచి తియ్యుండ్రి," అన్నాడు మిల్లు సూపర్‌వైజర్ రఘుపతి.

"నా పెండ్లాం ఇనుప చువ్వనా సార్, వంచనీకె?" అని అరిచాడు మెహమూద్.

పక్కగది బాలనర్సమ్మ తలెత్తలేకపోయింది. షాద్‌నగర్ మిల్లు పక్కన గుడిసెలున్నప్పుడు అందరిదీ ఒకటే వాకిలి. తెల్లారి ఎవరి పొయ్యి ముందు రాజుకుంటే తక్కినవాళ్ళు పిడక పట్టుకుని నిప్పుకు అక్కడికే పోయేవాళ్ళు. ఎక్కువగా బషీరున్నీసా పొయ్యే. "నిప్పుకొచ్చినవా నర్సక్కా, నా చాయ్‌కొచ్చినవా?" అని నవ్వేది. నిప్పుకు రాని మనిషి ఉంటే ఎవరో ఒకరు పోయి చూసొచ్చేవాళ్ళు. సంఘం పుట్టిందీ ఆ వాకిట్లోనే, సమ్మె లేచిందీ అక్కడే. అందుకే మిల్లు సేటు గుడిసెలు పీకించి ఈ గదుల లైన్లు కట్టించాడు. గది గదికీ ప్రహరీ, గది గదికీ కిరసనాయిలు స్టవ్వు. కట్టెల పొయ్యి పెడితే గది ఖాళీ చేయాల్సిందే.

నిన్న మధ్యాహ్నం గోడవతల దబదబ చప్పుడైంది. రంజాన్ దగ్గరికొచ్చింది, కారం దంచుకుంటున్నదనుకుంది బాలనర్సమ్మ. పురిటినొప్పులు పడుతూ బషీరున్నీసా గోడను గుద్దిందని, డ్యూటీ దిగిన మెహమూద్ తలుపు నెట్టి కేక పెట్టినప్పుడు గానీ తెలియలేదు. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

"గోడలు మీ మర్యాదకే గదమ్మా," అన్నాడు రఘుపతి.

"మూరెడు దూరంల మనిషి సస్తాంటే దంచుతాందనుకున్న సారూ! గిదేనా మర్యాద?" బాలనర్సమ్మ లోపలికెళ్ళి రోకలి తెచ్చింది.

"గోడ ముట్టకు చెల్లే, కొలువులు పోతయి," సంఘం జానయ్య అడ్డొచ్చాడు.

"పోనీరా కొడుకా," అంది ముసలి ఇక్బాల్ బీ. "రేపు నన్ను గూడ వంచే తీస్తరా?"

జానయ్య పక్కకు జరిగాడు.

మొదటి దెబ్బ పడింది. నిన్నటి చప్పుడే. బాలనర్సమ్మ ఏడుస్తూనే మళ్ళీ కొట్టింది. అవతలి గదుల నుంచీ రోకళ్ళు పలికాయి. జానయ్య గడ్డపార అందుకున్నాడు. జనాజా వంగకుండా, తిన్నగా సాగింది.

సాయంత్రం పోలీసులు బాలనర్సమ్మను జీపెక్కించారు. ఆడవాళ్ళు కూలిన ఇటుకలు ఏరి నడిమధ్యన పొయ్యి పేర్చారు.

తెల్లారి అందరూ నిప్పుకొచ్చారు. బాలనర్సమ్మ రాలేదు.

రాని మనిషిని చూసొచ్చేందుకు లైన్లన్నీ ఠాణాకు కదిలాయి.