గోరింక పిల్లకు రసీదు

మా బస్టాండులో మరిచిపోయిన వస్తువుల గదికి మా బావే రాజు, మంత్రి, కాపలాదారు. ఆ గదికి ఉన్నది ఒకటే చట్టం. అరగంట సేపు పక్కన మనిషి కనపడని వస్తువు ఏదైనా సరే, తెచ్చి, చీటీ కట్టి, రిజిస్టరులో ఎక్కించాలి. సొంతదారు సంతకం పెడితేనే ఇవ్వాలి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒకసారి కట్టుడు పళ్ల సెట్టు కూడా వచ్చింది. ఆ సెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. పళ్లు పోగొట్టుకున్నవాడికి వచ్చి అడగడానికి నోరెలా వస్తుంది?

పక్క గది నాది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో అరుస్తాను. నోరే నా నౌకరీ. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ, నా విషయంలో రెండూ ఘనమే.

ఆ రోజు పొద్దున బావ ఒక చెప్పుల డబ్బాను రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"ఏడో నంబరు ప్లాట్‌ఫారం పక్కన పొద కింద దొరికిందిరా. గడియారం చూసి మరీ అరగంట నిలబడ్డాను. ఎవ్వరూ రాలేదు."

లోపల గోరింక పిల్ల. నోటి అంచులు పసుప్పచ్చగా, ఈకలు దువ్వుకోని జుట్టులా రేగి, తోక ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంది. కాలికి దారంతో చీటీ: నాలుగు వందల పన్నెండు.

"ముక్కూ మొహం తెలియని పిల్లని గదికి తెచ్చావు. అక్కకి తెలిస్తే ఏమంటుంది బావా?"

"ముక్కు తెలుస్తూనే ఉందిగా!" అన్నాడు గానీ, బావ డబ్బాలోంచి కళ్లు తిప్పడం లేదు. "గొడుగైతే పదేళ్లు ఆగుతుందిరా. ఇది సాయంత్రం దాకా ఆగుతుందా?"

నాకు చేతనైన సాయం నేను చేశాను. మైకు అందుకున్నాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి! ఒక గోరింక పిల్ల దొరికినది. తల్లిదండ్రులు ఎక్కడున్నా వెంటనే వాలవలెను!"

తిరిగి చూసేసరికి బావ చెంచాతో పాలు పట్టబోతున్నాడు. నాకెందుకో భయమేసి అక్కకి ఫోను కొట్టాను. అక్క పశువుల ఆసుపత్రిలో మందులిస్తుంది. మా బావకు మాత్రం ఇంట్లో కూడా ఇస్తుంది.

"ఆ చెంచా కింద పెట్టమను!" ఫోనులోంచే అరిచింది. అరుపు మా వంశంలోనే ఉంది. "పాలు పడవు. నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈకలొచ్చాయా?"

"వచ్చాయి."

"గెంతుతోందా?"

"బల్ల మీంచి రెండుసార్లు దూకింది."

"రక్తం గానీ, వాలిపోయిన రెక్క గానీ?"

"లేవు. కాలికి బావ కట్టిన చీటీ ఒక్కటే."

"చీటీయా! ముందది విప్పండి. ఒరేయ్, దాన్ని ఎవరూ వదిలెయ్యలేదు. ఎగరడం నేర్చుకుంటోంది. కొన్నాళ్లు నేల మీద గెంతాకే పైకి లేస్తాయి. తల్లీ తండ్రీ చుట్టుపక్కలే ఉండి మేత పెడుతుంటాయి. మనిషి నిలబడితే దిగవు. ఈకలు రాని పసిగుడ్డయితే గూట్లో పెట్టాలి, గాయమైతే నా దగ్గరికి తేవాలి. దీన్ని మాత్రం దొరికిన చోటే పొద కింద వదిలి, దూరంగా పోండి."

బావ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "చేత్తో తాకేశానే! తల్లి మళ్లీ దగ్గరికి రానిస్తుందా?"

"ఇరవై ఏళ్లుగా మీరు తాకిన గిన్నెలన్నీ నేను పారేస్తున్నానా? మనిషి తాకాడని ఏ తల్లీ పిల్లని వదులుకోదండీ. పెట్టి రండి."

చీటీ విప్పి, పొద కింద పెట్టాం. బావ దూరంగా స్తంభం చాటున నక్కాడు. నేను నా గదికి వచ్చి నా పని నేను చేసుకున్నాను. కాసేపటికి బావ రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వురా! అన్నిటికీ నువ్వే! రెండూ తీగ మీదే ఉన్నాయి, ముక్కున పురుగుతో. దిగబోవడం, నువ్వు నోరు తెరవడం, అవి రెక్కలు తెరవడం! నాలుగుసార్లయింది. నీ మైకు గొట్టం సరిగ్గా ఆ పొద నెత్తినే ఉంది. పొద్దున నేను అరగంట చూసినప్పుడు కూడా మోగుతూనే ఉంది కదరా!"

రెక్కాడితే గానీ డొక్కాడదు అంటారు. అక్కడ నా నాలుక ఆడుతుంటే ఒక డొక్క ఎండుతోంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి డ్యూటీలో మైకు కట్టేశాను.

కానీ బస్సులు ఆగవుగా! బెంచీ బెంచీకీ వెళ్లి, వంగి, ఒక్కొక్కరి చెవిలో చెప్పాను. "రేవు బస్సు మూడో నంబరండీ. మిల్లు బస్సు ఐదండీ."

సంచీ ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ జాలిగా చూసింది. "ఏం నాయనా, గొంతు పోయిందా?"

"లేదమ్మా. పిల్ల అన్నం తినాలి."

ఏ పిల్ల అని అడగలేదు. పక్కావిడకి తనే గుసగుసగా చెప్పింది. ఆవిడ ఇంకొకరికి. పది నిమిషాల్లో బస్టాండంతా లోగొంతుకలో మాట్లాడుకుంది. మిల్లు బస్సు డ్రైవరు హారను కొట్టబోతే కండక్టరు చెయ్యి పట్టుకుని ఆపాడు.

తల్లి దిగింది. పిల్ల నోరు తెరిస్తే మొహం కనపడలేదు, అంతా నోరే. అచ్చం నాలాగే. పురుగు లోపలికి వెళ్లింది. తర్వాత తండ్రి దిగాడు. స్తంభం చాటున మా బావ ముక్కు చీదాడు. దుమ్మట.

సాయంత్రానికి పిల్ల పొద మీదికి, పొద మీంచి గోడ మీదికి, గోడ మీంచి చెట్టు కింది కొమ్మకి చేరింది. చివరిది గెంతు కాదు, ఎగురుడే. పక్కనే తల్లి.

బావ మాత్రం దిగులుగా రిజిస్టరు తెరిచి ఆ కొమ్మ కింద నిలబడ్డాడు. "నాలుగు వందల పన్నెండు. ఎక్కించానుగా. సంతకం లేకుండా ఆ పద్దు ఎలా కొట్టెయ్యనురా?"

పైనుంచి పేజీ మీద 'తప్'మని పడింది. సొంతదారు గడిలో, గీత దాటకుండా, తెల్లగా.

నేను జేబురుమాలు తీశాను.

"తుడవకురా," అన్నాడు బావ, పేజీ మీద మెల్లగా ఊదుతూ. "ఆరనీ."