దొర పట్టు

కుక్కల షెల్టర్లో ప్రతి బోనుకూ వేలాడే బోర్డు రాసేది రిటైరైన పంతులమ్మ. నలభై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన చెయ్యి ఊరుకుంటుందా? మిగతావాళ్లు "మంచి కుక్క, మూడేళ్లు" అని సరిపెట్టే చోట ఆవిడ తాతముత్తాతల దాకా వెళ్తుంది.

దొర బోర్డూ అలాగే రాసింది. దొర అంటే గ్రేట్ డేన్ కుక్క, నిలబడితే తల ఆవిడ నడుము దాటుతుంది. పెంచుకున్న పెద్దాయన పోతే ఇక్కడికి చేరింది. పేరులో డెన్మార్క్ ఉన్నా ఈ జాతి రూపుదిద్దుకున్నది జర్మనీలో అని, అడవిపందుల వేటకు పెంచారని, పంది కోరకు చిక్కకుండా పూర్వం ఈ కుక్కల చెవులు కత్తిరించేవారని, పందిని చెవి దగ్గర కరిచి పట్టుకునేదని గుండ్రటి అక్షరాలతో రాసింది. అంతా నిజమే. కానీ చదివినవాళ్లు చదివినట్టే పిల్లల్ని వెనక్కి లాక్కుని పక్క బోనులోని బొచ్చుకుక్క దగ్గరికి పోయారు.

శనివారంలోగా ఎవరూ తీసుకోకపోతే దొరను గోడౌన్ కాపలాకు పంపేస్తానని మేనేజరు చెప్పేశాడు. అక్కడ పగలూ రాత్రీ మెడకు గొలుసే. ఆ మాట విన్నప్పటి నుంచి పంతులమ్మకు తిండి సయించడం లేదు. మంచి చేయబోయి ఆ మూగజీవి కొంప ముంచానని ఆవిడకు అర్థమైపోయింది.

శుక్రవారం గడియలు బాగుచేసే ఆయన వచ్చాడు. అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. దొర బోను తలుపు ఓరగా తెరిచి, గడియ ఊడదీస్తూ బోర్డు రెండుసార్లు చదివాడు.

"పట్టుకున్నాక ఏం చేస్తుందమ్మా?" అన్నాడు.

నలభై ఏళ్లలో ఏ క్లాసులోనూ ఇంత మంచి ప్రశ్న రాలేదనిపించింది పంతులమ్మకు. జవాబు ఆవిడ చదివిందే, బోర్డులో చోటు చాలక వదిలేసింది. చంపడం కాదు, వేటగాడు వచ్చేదాకా పట్టు వదలకుండా ఉండటమే దాని పని అని చెప్పింది. చెబుతూనే, ఆ ముక్క ఇప్పుడైనా ఇరికిద్దామని సుద్దముక్కతో చెయ్యి చాచింది. దొర తలుపు సందులోంచి తల పెట్టి ఆవిడ స్వెట్టరు చేతిని నోట కరుచుకుంది.

పంతులమ్మ హడలిపోయింది. లాగితే వదల్లేదు, అలాగని బిగించనూ లేదు. దాని చూపు ఆవిడ మీద లేదు, గేటు వైపు ఉంది. రోజూ అటే చూస్తుంటే ఏదో బెంగ అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు చూస్తే, పట్టుకున్నాను, రావేం అని ఆ పోయిన పెద్దాయన్ని పిలుస్తున్నట్టు ఉంది. భయం పోయి ఆవిడకు ఏడుపొచ్చింది.

తాళాలాయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, దొర మెడ మీద చెయ్యి వేశాడు.

"చాల్లే నాన్నా, నేనొచ్చేశాగా."

దొర నోరు తెరిచింది. స్వెట్టరుకు తడి తప్ప చిరుగు లేదు. తర్వాత అది బయటికొచ్చి ఒళ్లంతా ఆయన కాళ్లకు ఆనించి నిలబడింది. ఆ బరువుకు పడిపోకుండా ఆయన ఊచలు పట్టుకోవలసి వచ్చింది.

తీసుకెళ్తారా అని అడగబోయింది పంతులమ్మ. ఆయన కాసేపు దొర వీపు నిమిరాడు.

"అందరి తలుపులూ బాగుచేస్తాను గానీ, నేనింటికెళ్తే తలుపు దగ్గర ఎవరూ ఉండరమ్మా," అన్నాడు.

ఊడదీసిన గడియ జేబులో వేసుకుని, దొరతో గేటు వైపు నడిచాడు.