ఎండు నిమ్మకాయల అణువు

పరీక్షనాళికల్లో బ్రష్షు తిప్పుతూ వజీర్ ఎప్పటిలాగే పిల్లల్ని తిట్టుకున్నాడు. వాళ్ళు కడిగే పద్ధతి ఆయనకు ఏనాడూ నచ్చలేదు. మస్కట్‌లో ఘుబ్రా అనే పేటలోని ఆ బడిలో ఆయన కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. పొట్టి మనిషి, మోచేతుల దాకా మడిచిన చొక్కా, యాసిడ్ చుక్కలు పడి మచ్చలు కట్టిన వేళ్ళు. కడప నుంచి ఇక్కడికి నల్లమీసంతో వచ్చాడు, ఇప్పుడది పూర్తిగా తెల్లబడింది. ఈ రోజే ఆఖరి డ్యూటీ. సాయంత్రం విమానం.

వెళ్తున్నందుకు దిగులేం లేదు. కడపలో భార్య జైనబ్ ఉంది, ఆమె చేతి వంట ఉంది. ఒక్కటే వెలితి. ఇన్నేళ్ళూ పొద్దున సామాను అమర్చడం, సాయంత్రం విప్పి కడిగి బీరువాలో సర్దడం. తను చేసింది ఒక్కటైనా మర్నాటి దాకా నిలిస్తే బాగుండునని ఆయనకు ఉండేది. అటెండరుకు ఇదేం కోరికని నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

సంధ్య టీచరు హడావిడిగా వచ్చింది. ఆయువు తీరుతున్న నక్షత్రాల మీద పాఠమట. అవి తమ పైపొరల్ని వదిలేస్తాయట. ఆ వాయువు చల్లారేకొద్దీ పరమాణువులు జతకూడి పొడుగాటి అణువులవుతాయట. అలాంటిదొకటి పిల్లలకు చూపించాలి. ఒక కొసన హైడ్రోజను, ఇంకో కొసన నైట్రోజను, నడుమంతా వరుసగా కార్బను.

వజీర్ అణువుల నమూనాలు కట్టే రంగు బంతుల పెట్టె బల్ల మీద కుమ్మరించాడు. "కార్బనుకు నల్లబంతులు చాలవు మేడమ్. పిల్లోళ్ళు ఎప్పుడో పోగొట్టినారు."

"పోనీలెండి వజీర్ భాయ్, బోర్డు మీద గీసేస్తాను."

ఆయన మనసు చివుక్కుమంది. ఆఖరి రోజున తన ల్యాబులో వస్తువు లేదనిపించుకోవడమా! జైనబ్ కోసం మత్రా సూక్ బజారులో కొన్న ఎండు నిమ్మకాయలు సంచిలో ఉన్నాయి. ఒమానీలు కూరల్లో వేసుకునేవి, ఎండి నల్లబడి, బరువన్నదే లేనివి. తెచ్చి బల్ల మీద పోశాడు.

"ఇవి పనికొస్తాయేమో సూడండి మేడమ్."

సంధ్య పకపకా నవ్వింది. "బ్రహ్మాండం! కానీ ఇవి ఇంటికి పట్టుకెళ్ళేవి కాదూ?"

"మా ఇంటామెకు చెప్తాలే. నీ పులుసు చుక్కల్లో కలిసిపాయ అని."

ఒక్కో కాయకూ వేడి సూదితో బెజ్జం వేసి తీగకు గుచ్చాడు. ఒక కొసన తెల్లబంతి, ఇంకో కొసన నీలంబంతి పెట్టి పైకప్పు కొక్కేనికి వేలాడదీశాడు. పిల్లలు కిందికి చేరి వాసన చూశారు. నక్షత్రం అచ్చం చేపలపులుసులా ఉందని ఒకమ్మాయి అంటే క్లాసంతా గొల్లుమంది. వజీర్ గుమ్మం దగ్గర నిలబడి పాఠమంతా విన్నాడు. అర్థమైంది సగమే అయినా హాయిగా ఉంది.

గంట కొట్టగానే స్టూలు లాక్కుని ఎక్కాడు. చెయ్యి దానంతటదే తీగ మీదికి పోయింది.

"అదేమిటి, ఏం చేస్తున్నారు?" అంది సంధ్య.

"విప్పి సర్దాల కదా మేడమ్."

"వద్దు, ఉంచేయండి. రేపు ఇంకో సెక్షనుకు కావాలి. వచ్చే ఏడాదీ కావాలి."

వజీర్ సంతోషంగా తలూపాడు. తీగ ముడిని మరోసారి బిగించి దిగాడు. బీరువా తాళాలు ఆమె చేతికిచ్చి, నుదుటికి చెయ్యి తాకించి, నిమ్మకాయల్లేని సంచితో బయటికి నడిచాడు.

ఖాళీ ల్యాబులో ఏసీ గాలికి నిమ్మకాయల వరుస మెల్లగా ఊగుతోంది, గదంతా పుల్లటి వాసన.