స్వామి బదనిక

తడిసిన పురికొసకు ఒక వాసన ఉంటుంది. నాగరికత సమస్తమూ ఆ వాసన మీదే నిలిచి ఉంది — సామ్రాజ్యాలను కాచిన ఖడ్గాలకు తుప్పు పట్టింది. పురికొసకు ఆ భయం లేదు.

ఈ సత్యాన్ని లోకంలో మొదట గ్రహించినవాడు భీమప్ప. జంగ్లాతు జవాను — అడవి శాఖ కాపలాదారు.

1957 వేసవి. అనంతగిరి వాలున కూపు — ఆ ఏటి కోతకు గీసిన అడవి ముక్క — నరుకుతున్నారు. తాండూరు సున్నపు బట్టీలకు కట్టెల ఆకలి ఎక్కువ. ఏ చెట్టు కూలవలెనో సుత్తి ముద్రతో నిర్ణయించే విధాత — అతడే.

ముద్ర పడింది. చెట్టు పడింది.

చెట్టుతోపాటు, కొమ్మను కరచుకుని బతికే బదనికలూ పడ్డాయి. మన్ను ఎరుగని వేళ్లు. పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్లు, నడుమ నీలి పెదవి. నేల మీద పడి కూడా పరిమళిస్తూనే...

సుత్తి పట్టిన చేయి సిగ్గుపడింది.

పగలంతా ముద్రలు. పొద్దు వాలేవేళ ఉద్ధరణ. కూలిన మానుల నుంచి నలభైయొక్క బదనికలను ఒలిచి, మోసుకెళ్లి, కొండ మీది గుడి తోపులో చెట్లకు పురికొసతో కట్టాడు. దేవుడి తోపులోకి గొడ్డలి రాదు. ఆ వాలున ఇక మిగిలినవి అవే.

గొడ్డలి రాదు — మేక వస్తుంది. మేకల వెనుక నాగవ్వ.

"గా నాలుగు ఆకులు మేస్తే నీ జంగ్లాతు మునుగుతదా, కొడుకా?"

శాస్త్రం చెప్పవలసిన చోట భీమప్ప పురాణం చెప్పాడు.

"అవ్వా, గది స్వామి బదనిక. మస్తు మహిమ గలది. జర దూరం కొట్టు."

నాగవ్వ చెంపలు వేసుకుంది. మేకలను మళ్లించింది. అంత చిన్న అబద్ధం — అంత పెద్ద కంచె!

రెండేళ్లు. వేళ్లు కొత్త బెరడును నమ్మాయి. రెండు వేసవులు తోపంతా పూసింది.

మహిమ మాత్రం తోపులో నిలవలేదు. మర్పల్లి వెళ్లింది. కోట్‌పల్లి వెళ్లింది. రైలెక్కి తాండూరులో దిగింది.

కార్తీక జాతర వచ్చింది... పోయింది.

మరునాడు భీమప్ప తోపులో నిలబడ్డాడు. చెట్లున్నాయి. పురికొసలున్నాయి — తెగి, వేలాడుతూ.

నలభైయొక్కటీ లేవు.

"గంత మహిమున్నదాన్ని చెట్టుకెవరిడుస్తరు?" నాగవ్వకే ఆశ్చర్యం. "నేను గూడ ఒకటి పీకి మేకల దొడ్డి గుంజకు కట్టిన. నువ్వే చెప్తివి గదా!"

"ఉత్తగ చెప్పిన, అవ్వా. మహిమ లేదు, ఏం లేదు."

నాగవ్వ నవ్వింది. "ఇప్పుడు గిట్లనే అంటవు. అందరు కొంటవోయిన్రని కడుపుమంట."

అబద్ధానికి మూడు ఊళ్లు సాక్ష్యం. నిజానికి ఒక్కరూ దొరకలేదు.

ఇంటికి వస్తే భార్య బుగ్గమ్మ గడపలోనే ఎదురైంది, విజయలక్ష్మిలా.

"పరేషాన్ గాకు. మన వంతు నేను తెచ్చిన. జొన్నల గుమ్మిల పెట్టిన. మొగనికి సోయి లేకుంటే ఆడదానికన్న ఉండొద్దా?"

అతడు గుమ్మిలోకి మోచేతి దాకా చేయి దించాడు. జొన్నల లోతున ముడుచుకున్న ఆకులు తగిలాయి. ఒక్క వేరు కొస — ఇంకా మెత్తగా, ఇంకా చల్లగా...

బతికి ఉందా?

తీస్తే మహిమ పోతుందని బుగ్గమ్మ అతని మణికట్టు పట్టుకుంది. తీయకపోతే వేరు పోతుంది.

అతని చేయి ఖాళీగా పైకి వచ్చింది.

నెల తిరిగేసరికి జొన్నలకు పురుగు పట్టింది.